అడవి ఉన్నా అడవి బర్రె ఎందుకు లేదు?

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో కోలాను అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలోకి ఎక్కించింది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతం, మూడు చోట్లా ఇదే పరిస్థితి. 2012లో ఈ ప్రాంతాల కోలాలనే ఒక మెట్టు తక్కువ ప్రమాదమున్న జాబితాలో పెట్టారు. చట్టం రక్షణలో పదేళ్ళు గడిచాక కాస్తయినా కోలుకోవాల్సింది పోయి ఇంకా దిగజారింది.

కోలా తినేది యూకలిప్టస్ ఆకు. ఆ చెట్టుకు లోకంలో ఎక్కడా కరువు లేదు. మన భద్రాచలం చుట్టుపక్కల ఎటు పోయినా జామాయిల్ తోటలు కనిపిస్తాయి. సారపాక కాగితం మిల్లుకు ఆ కర్రే పోతుంది. ఇక ఆస్ట్రేలియా అడవుల్లో ఆ చెట్లదే రాజ్యం. తిండి ఇంత దండిగా ఉంటే, తినే జంతువు ఎందుకు తగ్గిపోతోంది?

జవాబు కోసం ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు. ఆ జామాయిల్ తోటలు దాటి ఉత్తరానికి పోతే రాష్ట్రం మారుతుంది గానీ అడవి తెగదు. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో, ఒకప్పటి ఉమ్మడి బస్తర్ జిల్లాలో, ఇప్పటి సుక్మా జిల్లా కుంట తాలూకాలో గొల్లపల్లి ఉంది. పేరు చూస్తేనే మనదనిపించే ఊరు. దోర్లాలు, కోయలు, మురియాలు ఉండే నేల. సంతలకూ ఆసుపత్రులకూ కూలి పనులకూ ఇటు చర్లకో భద్రాచలానికో రావడం ఆ వైపు జనానికి తరతరాల అలవాటు. అక్కడినుంచి పడమటికి పామేడ్, ఇంకా వాయవ్యానికి ఇంద్రావతి లోయ. ఈ వరుసలో అడవి ఇంకా మిగిలే ఉంది. టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు అన్నీ ఉన్నాయి. ఈ అడవికి ఒకప్పుడు దొరలాంటి జంతువు అడవి బర్రె మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితికి వచ్చింది. మధ్య భారతమంతా కలిపినా యాభైకి మించవని అంచనా.

ముందు ఒక అయోమయం తీర్చుకోవాలి. మన పత్రికలు ‘అడవిదున్న’ అని రాసేది చాలాసార్లు గౌర్‌ని. కిన్నెరసానిలో, పాపికొండల్లో ఉండేది అదే. వీపు మీద ఎత్తయిన కండ గట్టు, పొట్టిగా పైకి వంగిన కొమ్ములు దాని గుర్తులు. కొమ్ముకోయలు నాట్యంలో తలకు పెట్టుకునేవి దాని కొమ్ములే. అది ఆవుల వైపు బంధువు. నేను చెప్పేది మన పెరట్లో పాలిచ్చే బర్రెకు పూర్వీకురాలైన అసలు అడవి బర్రె గురించి. బరువు ఎనిమిది వందల నుంచి పన్నెండు వందల కిలోల దాకా ఉంటుంది. కొమ్ములు బారెడు పొడవు, బల్లపరుపు, వాటి మీద అడ్డంగా గట్లు. తల దించితే కొడవళ్ళు రెండు ఇరువైపులా చాపినట్టు వెనక్కి సాగుతాయి. పశుజాతిలో అంత పొడవు కొమ్ములు ఇంకే జంతువుకూ లేవు. మోకాళ్ళ కింద కాళ్ళు మాసిన తెలుపు, మెడ కింద తెల్లటి చార. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు ఇదే.

థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడు 1867లో భారతదేశపు క్షీరదాల మీద పుస్తకం వేశాడు. మన కడప కలివికోడికి ఇంగ్లీషు పేరు వచ్చింది ఈయన మీదుగానే. తూర్పున మిడ్నాపూర్ నుంచి రాయ్‌పూర్ మీదుగా గోదావరి దరిదాపుల దాకా అడవి బర్రెలు ఉంటాయని ఆయన నమోదు చేశాడు. అంటే నూట యాభై ఏళ్ళ కిందట ఇది గోదావరి ప్రాంతపు జంతువు కూడా. ఇవాళ దాన్ని చూడాలంటే అస్సాంలోని కాజీరంగాకో మానస్‌కో పోవాలి. నేపాల్‌లోని కోశీ టప్పు అభయారణ్యంలో, థాయ్‌లాండ్‌లో, కంబోడియాలో కొద్దికొద్దిగా ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద నాలుగు వేలకు లోపే. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం 1986లోనే దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా గుర్తించింది. కోలా కన్నా ముప్పై ఆరేళ్ళ ముందే! అయినా ఎంతమందికి తెలుసు?

కోలా సంగతి కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే అడవి బర్రె కష్టం అర్థం కావడానికి అది బాగా పనికొస్తుంది.

యూకలిప్టస్ అంటే ఒక చెట్టు కాదు, ఏడు వందలకు పైగా జాతులు. కోలా వాటిలో కొన్ని పదుల రకాలే తింటుంది. ఒక్కో ప్రాంతంలో అయితే ఇష్టంగా ముట్టేది రెండు మూడింటినే. ఆ ఆకులో మాంసకృత్తులు తక్కువ, పీచు ఎక్కువ, పైగా పురుగూ పశువూ ముట్టకుండా చెట్టు తయారుచేసుకునే విషాలు దండిగా ఉంటాయి. ఆ విషాలను కోలా కాలేయం విరిచేస్తుంది. పీచును పులియబెట్టడానికి దాని కడుపులో దాదాపు రెండు మీటర్ల పొడవుండే అంధనాళం ఉంది. ఇంత చేసినా దక్కే శక్తి కొంచెమే. అందుకే రోజుకు పద్దెనిమిది, ఇరవై గంటలు కదలకుండా కొమ్మ సందులో కూర్చుని ఆ శక్తిని పొదుపు చేసుకుంటుంది. చూసేవాళ్ళు బద్ధకం అనుకుంటారు. అరగని తిండితో బతకడానికి అది నేర్చుకున్న లెక్క అది. పిల్ల కోలా పాలు మానే దశలో తల్లి పేగుల నుంచి వచ్చే మెత్తటి ప్రత్యేకమైన మలం తింటుంది. తల్లి కడుపులోని సూక్ష్మజీవులు దాంతోనే పిల్లకు చేరతాయి. అవి చేరకపోతే ఆ పిల్ల జన్మలో యూకలిప్టస్ ఆకు అరిగించుకోలేదు.

అసలు చిక్కు నేలలో ఉంది. సారవంతమైన నేలలో పెరిగిన చెట్టు ఆకులో పోషకాలు ఎక్కువ. బక్క నేలలో పెరిగిన చెట్టు తన కొద్దిపాటి ఆకును కాపాడుకోవడానికి విషం ఎక్కువ నింపుకుంటుంది. అందుకని కోలాకు నచ్చేది నదుల వెంట, మైదానాల్లో మంచి మన్ను ఉన్న చోట పెరిగిన చెట్టు. యూరప్ నుంచి వలస వచ్చిన రైతుకూ సరిగ్గా ఆ మన్నే నచ్చింది. గోధుమకూ గొర్రెల మేతకూ తర్వాత పట్టణాలకూ ముందు నరికింది ఆ చెట్లనే. రాళ్ళ గుట్టల మీది యూకలిప్టస్ మిగిలింది. దూరం నుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంది. కోలాకు అందులో ఉన్నది సగం అన్నమే.

అడవి ముక్కలయ్యాక ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోవడానికి నేల మీదకు దిగక తప్పలేదు. నేల మీద దానికోసం కార్లూ కుక్కలూ ఎదురుచూస్తున్నాయి. అంతకుముందు బొచ్చు తోలు కోసం సాగిన వేట సంగతి వేరే చెప్పాలి. 1927లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక్క నెల వేటకు అనుమతి ఇస్తే లక్షల కోలాలు చచ్చాయి. 2019-20 వేసవిలో రేగిన కార్చిచ్చుల్లో అరవై వేలకు పైగా కోలాలు చావడమో గాయపడటమో గూడు కోల్పోవడమో జరిగిందని ప్రపంచ వన్యప్రాణి నిధి అంచనా వేసింది. వీటన్నిటి మధ్య క్లమిడియా అనే బ్యాక్టీరియా కోలాల కళ్ళు పోగొడుతూ, ఆడవాటిని గొడ్రాళ్ళను చేస్తోంది. కోలాల్లో ఎక్కువ హాని చేసే క్లమిడియా జాతి గొర్రెల్లో పశువుల్లో కూడా ఉంటుంది. వలసదారుల మందల నుంచే అది కోలాలకు అంటి ఉండవచ్చని శాస్త్రవేత్తల అనుమానం.

ఈ పశువుల మాట గుర్తుపెట్టుకుని ఇంద్రావతి ఒడ్డుకు రండి.

అడవి బర్రె కోలాలాగా పెంకి తిండి తినదు. గడ్డి, తుంగ, రెల్లు, చిగురు ఏదైనా మేస్తుంది. దాని చిక్కు నీళ్ళతో. బర్రె చర్మం నల్లన, దళసరి. చెమట గ్రంథులు ఆవుకున్నదానితో పోలిస్తే చాలా తక్కువ. ఎండ నల్లటి ఒంటి మీద పడి లోపల వేడి పేరుకుంటుంది, చెమట పట్టి అది బయటకు పోయే దారి లేదు. కాబట్టి పగటి వేడిలో బర్రె నీళ్ళలోనో బురదలోనో దిగాలి. బురదలో దిగితే రెండు లాభాలు. నీరు ఆరుతూ వేడిని లాగేస్తుంది, ఎండిన బురద పూత జోరీగలనూ పిడుదులనూ చర్మం దాకా రానివ్వదు. మన ఊరి చెరువులో మధ్యాహ్నం ముక్కూ కళ్ళూ కొమ్ములూ మాత్రం బయటపెట్టి బర్రె పడుకునేది ఇందుకే. పెంపుడు బర్రెకు చెరువు లేకపోతే యజమాని కుండతో నీళ్ళు పోస్తాడు. అడవి బర్రెకు ఎవరు పోస్తారు? ఏప్రిల్, మే నెలల్లో ఎండని మడుగు, దాని పక్కన పచ్చిగా ఉండే గడ్డి, పడుకోవడానికి దట్టమైన నీడ, ఈ మూడూ ఒక్కచోట దొరికితేనే దానికి బతుకు.

అలాంటి చోటు నది ఒడ్డు పల్లం. వరి మడికి పనికొచ్చేదీ ఆ పల్లమే. పశువులను తోలుకుపోయేదీ అక్కడికే. కోలా దగ్గర గోధుమ చేను చేసిన పనిని ఇక్కడ వరి మడి చేసింది. గుట్టల మీద టేకు నిలిచింది, అడవి లెక్కల్లో ఎకరాలు పెద్దగా తగ్గలేదు. లోయలో గడ్డి బయళ్ళు పోయాయి. నా దృష్టిలో ఈ కథంతటికీ కీలకం ఇదే. అడవి విస్తీర్ణాన్ని ఉపగ్రహం కొలుస్తుంది. బర్రె కొలిచేది మే నెలలో మడుగును. రెండు కొలతలూ ఒకటి కావు.

మడుగు సంగతి ఎత్తాం గనుక ఇంద్రావతి సంగతి కూడా చెప్పాలి. ఒడిశాలో పుట్టి బస్తర్ గుండా పారి, భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఎగువన ఒడిశాలో ఖాతీగూడ ఆనకట్ట ఉంది. సరిహద్దు దగ్గర జోరా నాలా వైపు నీరు మళ్ళిపోతోందని ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మధ్య ఎన్నేళ్ళుగానో తగవు నడుస్తోంది. వేసవిలో జగదల్‌పూర్ దగ్గర నది పాయలుగా చిక్కిపోవడం అక్కడివాళ్ళకు తెలిసిన బాధ. దిగువన భోపాలపట్నం, ఇచ్చంపల్లి ఆనకట్టల ప్రతిపాదనలు వచ్చినప్పుడు 1980ల్లో గడ్చిరోలిలో పెద్ద ఉద్యమం లేచింది. ఇచ్చంపల్లి పేరు నదుల అనుసంధానం మాటల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఆ ముంపు మ్యాపులో పల్లపు గడ్డి బయలు అనే గడి ఎక్కడైనా ఉందేమో ఇంజనీర్లను అడగాలి.

చోటు పోవడం ఒక దెబ్బ. రెండో దెబ్బ మన మందల వైపు నుంచి తగిలింది. ముసర వ్యాధి పేరు ఈ తరానికి తెలియదు. తాతల తరానికి ఆ పేరు చెబితే కళ్ళలో భయం కనిపించేది. ఊళ్ళకు ఊళ్ళు పశువులు పారుడుతో, నోటి పుండ్లతో వారంలో తుడిచిపెట్టుకుపోయేవి. అది పెంపుడు పశువుతో ఆగే వైరస్ కాదు. గిట్ట రెండుగా చీలిన జంతువులన్నిటినీ పట్టేది. మేతకు అడవిలోకి పోయిన మంద తాగిన మడుగులోనే అడవి బర్రె మూతిపెట్టేది. ఇలా ఈ వ్యాధి మధ్య భారతంలో గౌర్‌లనూ అడవి బర్రెలనూ తరుగుతూ వచ్చింది. దశాబ్దాల టీకాల పుణ్యమా అని భారతదేశం దాన్నుంచి బయటపడింది. 2011లో ప్రపంచమంతటా అది అంతమైందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమి మీద లేకుండా చేసిన రెండో వ్యాధి అదే. అంతకాలం దాన్ని తట్టుకుని మిగిలిన అడవి బర్రెలకు ఇప్పుడు గాలికుంటు, గొంతువాపు పొంచి ఉన్నాయి. యాభై జంతువుల మందలో గొంతువాపు ఒక్క తొలకరికి వచ్చిపోతే ఏమవుతుందో పశువులు మేపిన ఎవరైనా చెప్పగలరు.

మూడో దెబ్బ విచిత్రమైనది, అందుకే అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది. మన దేశంలో పెంపుడు బర్రెలు 2019 పశుగణన ప్రకారం దాదాపు 11 కోట్లు. అవన్నీ ఈ అడవి బర్రె సంతానమే. వేల ఏళ్ళ కిందట సింధు నది వైపు మచ్చిక చేసిన రకం మన పాడి బర్రె అయింది. వేల ఏళ్ళయినా రక్తం మరీ దూరం కాలేదు, రెండూ కలిస్తే దూడ పుడుతుంది, ఆ దూడకూ దూడలు పుడతాయి. పాడి కోసం మనిషి ఎంచుకున్నది సాధు గుణం, పాలు, పొదుగు. అడవి ఎంచుకున్నది బలం, అనుమానం, పులి ఎదురైతే దూడలను లోపలికి తోసి కొమ్ములు బయటకు పెట్టి వలయంగా నిలబడే తెలివి. అడవిలో తిరిగే ఊరి దున్నపోతు అడవి మందలో కలిస్తే తర్వాతి తరంలో రెండో గుణం పలచనవుతుంది. ఒంటరైన అడవి దున్నపోతు ఊరి మందలోకి వస్తే దాని రక్తం ఊరి దూడల్లోకి పోతుంది గానీ అడవికి ఒక్క దూడా చేరదు. ఏ రకంగా చూసినా నష్టం అడవిదే. పులి తినేస్తే జంతువు చనిపోయిందని తెలుస్తుంది. ఇలా కలిసిపోతే కొమ్ములు, రంగు, నడక అన్నీ అలాగే కనిపిస్తూ జాతి మాయమవుతుంది. లెక్కపెట్టేవాళ్ళకు కూడా తెలియదు.

ఛత్తీస్‌గఢ్‌లోని గరియాబంద్ జిల్లా ఉదంతిలో జరిగింది ఇదే. ఉదంతి ఒకప్పుడు అడవి బర్రెలకు పేరుపొందిన అభయారణ్యం. 2007 నాటికి ఏడు మిగిలాయి. ఆ ఏడింటిలో ఆడది ఒక్కటే. దానికి ‘ఆశ’ అని పేరు పెట్టారు. దున్నపోతులు జత కోసం ఊళ్ళ మీద పడేవి. అటవీశాఖ, భారత వన్యప్రాణి ట్రస్టు కలిసి ఆశను కంచె లోపల కాపాడాయి. ఈనింది, అయితే పుట్టినవి ఎక్కువగా మగవే. బర్రె చూడి పది, పదకొండు నెలలు. అడవిలో రెండేళ్ళకో దూడ పుడితే గొప్ప. మంద నిండుగా ఉన్నప్పుడు మగ, ఆడ పుట్టుకలు ఎటో సర్దుకుంటాయి. ఒక్క తల్లి మిగిలినప్పుడు వరుసగా నాలుగు మగ దూడలు పుట్టడమే జాతికి ప్రళయం. చిన్న జనాభాను మింగేది ఎప్పుడూ పెద్ద విపత్తు కానక్కర్లేదు, మామూలు కాలంలో ఎవరూ పట్టించుకోని యాదృచ్ఛికం చాలు. పైగా ఆ కొద్దిపాటి జంతువులన్నీ దగ్గరి రక్తమే. పుట్టే దూడల్లో లోపాలు బయటపడటం, చూడి నిలవకపోవడం, రోగనిరోధక శక్తి తగ్గడం తరం తరానికీ పెరుగుతాయి.

ఇక్కడ విజ్ఞానం ఒక సాహసం చేసింది. హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009లోనే పెంపుడు బర్రెను క్లోనింగ్ చేసి చూపింది. ఆ శాస్త్రవేత్తలే ఆశ చెవి నుంచి తీసిన కణంతో పని మొదలుపెట్టారు. పెంపుడు బర్రె అండంలోంచి కేంద్రకం తీసేసి, అందులో ఆశ కణాన్ని కలిపి, పిండం తయారయ్యాక ఇంకో పెంపుడు బర్రె గర్భంలో పెట్టారు. 2014 డిసెంబరులో ‘దీపాశ’ పుట్టింది. దేశమంతా పత్రికల్లో వచ్చింది. పెరిగేకొద్దీ అది ముర్రా బర్రెలా కనిపిస్తోందన్న సందేహాలు లేచాయి, తర్వాత దాన్ని నయా రాయ్‌పూర్ జంగిల్ సఫారీకి చేర్చారు. ఆ వివాదం పక్కన పెట్టినా నాకు తోచేది ఒకటుంది. అండం పెంపుడు బర్రెది కాబట్టి కణంలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా పెంపుడు వంశానిదే అవుతుంది. పాలిచ్చి పెంచేదీ అడవి ముఖం చూడని బర్రే. మేత ఎక్కడ, మడుగు ఎక్కడ, పులి వాసన ఏమిటి, ఇవి కేంద్రకంలో రాసి ఉండవు. ముసలి ఆడ బర్రె ముందు నడిచి మందకు నేర్పుతుంది. పిల్ల కోలాకు తల్లి పేగుల సూక్ష్మజీవులు ఎంతో, అడవి దూడకు ఆ మంద అంత. క్లోనింగ్ చేసే శాస్త్రవేత్తల పట్టుదలకు చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే అది మంద బతికుండగా చేయాల్సిన పనికి బదులు కాదు.

2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో అడవి బర్రె గురించి ప్రత్యేకంగా తీర్పు ఇచ్చింది. ఉదంతి, ఇంద్రావతి వంటి చోట్ల దాన్ని కాపాడే పథకం అమలు చేయాలనీ ఊరి పశువులతో కలవకుండా చూడాలనీ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ప్రకృతిని మనిషి లాభంతో కాకుండా దాని విలువతోనే చూడాలని ఆ తీర్పు చెప్పిన తీరు ఇప్పటికీ న్యాయ విద్యార్థులు చదువుకుంటారు. తర్వాత 2020లో మానస్ నుంచి ఒక జతను, 2023లో మరికొన్ని ఆడవాటిని తెచ్చి బర్నవాపారా అభయారణ్యంలో కంచె లోపల ఉంచారు. వరద గడ్డి మైదానాల్లో పెరిగిన అస్సాం బర్రెను ఎండ మండే పొడి అడవికి తేవడం సబబా, రెండు ప్రాంతాల రక్తాన్ని కలపాలా వద్దా అనే వాదన ఛత్తీస్‌గఢ్ హైకోర్టు దాకా వెళ్ళింది. కోలాల్లోనూ ఈ తగవు ఉంది. విక్టోరియాలో నేటి కోలాల్లో చాలా భాగం ఫ్రెంచ్ ఐలాండ్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర వదిలిన కొద్ది జంతువుల సంతతి. సంఖ్య పెరిగింది, జన్యు వైవిధ్యం పెరగలేదు.

ఇంతకీ అచ్చమైన మంద ఇంకా ఎక్కడైనా ఉందా అంటే, ఉంటే ఇంద్రావతి లోయలోనే. బీజాపూర్ జిల్లాలో ఇంద్రావతి జాతీయ పార్కు 1981లో ఏర్పడింది, 1983లో పులుల అభయారణ్యమైంది. పామేడ్, భైరమ్‌గఢ్ అభయారణ్యాలను 1983లో ప్రకటించింది అడవి బర్రె కోసమే. నదికి అవతల మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, మన తెలుగు మాట వినిపించే సిరొంచ వైపు, కోలామార్క సంరక్షణ ప్రాంతం 2013లో వచ్చింది. బర్రెకు ఈ సరిహద్దులు తెలియవు. నీరు తగ్గినప్పుడు నది దాటుతుంది. దానిని కాపాడే పని మాత్రం రెండు రాష్ట్రాల రెండు దస్త్రాల్లో ఉంది.

నక్సల్ పోరు వల్ల ఈ లోయలోకి శాస్త్రవేత్తలు, అటవీ సిబ్బంది దశాబ్దాల పాటు అడుగుపెట్టలేకపోయారు. మిగతా దేశంలో పులుల లెక్క పద్ధతిగా సాగుతుంటే ఇక్కడ పాదముద్రలూ పేడా చూసి అంచనా కట్టడమే మిగిలింది. అడవిలోని ఊళ్ళూ ఆ మంటల్లో నలిగాయి. 2005 తర్వాత ఎన్నో కుటుంబాలు ఊళ్ళు వదిలి గోదావరి ఇవతలికి వచ్చి, మనవాళ్ళ నోట ‘గుత్తికోయలు’ అయ్యాయి. జనం పోతే జంతువుకు మేలని పట్నంలో కూర్చుని అనడం తేలిక. ఎవరూ చూడని అడవిలో వేట ఉచ్చును కూడా ఎవరూ చూడరు. ఇప్పుడు కుంట, గొల్లపల్లి వైపు పరిస్థితి వేగంగా మారుతోంది. క్యాంపులు వెలిశాయి, రోడ్లు పడుతున్నాయి. ఆ రోడ్డు మీద డాక్టరు రావచ్చు, బడి పంతులు రావచ్చు, కర్ర లారీ కూడా రావచ్చు. అడవి బర్రె సంగతి ఈ కొద్ది ఏళ్ళలోనే తేలిపోతుంది.

నిప్పు గురించి కూడా ఒక మాట. మార్చి వచ్చిందంటే ఇప్పచెట్టు కింద రాలిన ఆకును ఊడ్చి నిప్పు పెడతారు. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. తేనెరంగు బుడ్డలు ఎండుటాకులో పడితే ఏరడం కష్టం. కాలిన నల్లటి నేల మీద పడితే ముత్యాల్లా కనిపిస్తాయి. ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలతో చీకటి ఉండగానే బయలుదేరి ఏరుకుంటారు. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు అందే కాలం అదీ, ఆ వెంటనే వచ్చే తునికాకూ. ఆ చిన్న నిప్పు గాలికి దారి తప్పితే లోయలోని గడ్డి మొత్తం కాలిపోతుంది, అదీ దూడలతో ఉన్న బర్రెకు మేతా మరుగూ రెండూ కావలసిన నెలలో. దీనికి గిరిజనులను తిట్టి లాభం లేదు. చెట్టు కింద పరిచే వలలు కొన్నిచోట్ల ఇస్తున్నారు. పువ్వు వలలో పడితే నిప్పు అక్కర్లేదు, పువ్వుకు మట్టి అంటదు, ధరా ఎక్కువ వస్తుంది. ప్రతి ఇంటికీ అలాంటి వల చేర్చడం, బర్రె కోసం కోట్లు పోసి కట్టే కంచె కన్నా చవక.

కోలాల క్లమిడియాకు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కష్టపడి టీకా తయారుచేశారు. 2025లో దానికి అనుమతి వచ్చింది. చెట్ల మీద ఉన్న కోలాలను ఒక్కొక్కటిగా పట్టి దించి, సూది వేసి, మళ్ళీ ఎక్కించాలి. మనకు ఆ బాధ లేదు. అడవి బర్రెకు సూది వేయనక్కర్లేదు, ఊరి పశువుకు వేస్తే చాలు. గాలికుంటు, గొంతువాపు టీకాలు రెండూ మన దేశంలోనే తయారవుతున్నాయి, ప్రభుత్వ పథకాల్లో ఉన్నాయి. అడవి అంచు పల్లెల్లో ఉన్న ప్రతి ఆవుకూ బర్రెకూ మేకకూ ఏ టీకా అవసరమో అది తొలకరికి ముందే పడాలి. ఇంద్రావతి, పామేడ్, కోలామార్క చుట్టూ ఉన్న ఊళ్ళలో దున్నపోతులను అడవిలో వదలకుండా ఉంచుకునే రైతుకు మేత ఖర్చు ఇవ్వాలి. అడవి దున్నపోతు చేను తొక్కితే పరిహారం ఆ కోతకాలంలోనే చేతికి రావాలి. నది పల్లాల్లో మిగిలిన గడ్డి బయళ్ళను మొక్కలు నాటే పథకాల నుంచి తప్పించాలి. హరితవనం పేరుతో గడ్డి బయలులో చెట్లు నాటితే, ఆ బయలు మీద బతికే జంతువుకు అది గుడి కూల్చి నీడ పందిరి వేసినట్టే.

తెలంగాణ పశుసంవర్ధక శాఖ వాహనం చర్ల దాకా వస్తుంది. పామేడ్ అక్కడికి ఎంతో దూరం లేదు. రెండు రాష్ట్రాల పశువైద్యులు ఏడాదికోసారి ఒకే వారంలో, సరిహద్దుకు రెండు వైపులా కలిసి టీకాలు వేసే కార్యక్రమం పెట్టుకోవడానికి కొత్త చట్టం అవసరం లేదు, ఇద్దరు కలెక్టర్లు కూర్చుని ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఈ తొలకరికి ముందే ఆ ఉత్తర్వు రావాలని అడుగుతున్నాను.